పల్లె దారి – 14: పదకొండో నంబరు

పోయిన నెల ఒక హాస్టల్లో పిల్లలతో కూర్చున్నాం. మాటలన్నీ అయిపోయాక వెనక వరసలోంచి ఒక తమ్ముడు లేచాడు.

“అన్నా, ఏమీ అనుకోవద్దు. మీ కారుకి లక్షా డెబ్భై వేలు పెట్టి షాకబ్జార్లు వేయించారంట గదా. ఆ డబ్బులతో మాలాంటోళ్లం ఎంతమందిమి ఫీజులు కట్టుకునేవాళ్లం?”

హాలంతా గప్‌చుప్ అయిపోయింది. వార్డెన్ గారు ఆ పిల్లాడి వైపు గుర్రుగా చూశారు. నాకు మాత్రం కోపం రాలేదు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఆ రోజు టైం లేక రెండు ముక్కల్లో ఏదో చెప్పి బయటపడ్డాను. దారంతా అదే గుర్తొచ్చింది. సరిగ్గా జవాబు చెప్పాలంటే కారు దగ్గర కాదు, మా నాయన నడుము దగ్గర మొదలుపెట్టాలి. ఈ భాగం ఆ తమ్ముడి కోసం.

మా నాయన ఇరవై ఆరేళ్లు ఒక ఆసామి దగ్గర ట్రాక్టరు తోలాడు. దుక్కి, దమ్ము, ఎరువు తోలకం, కోతలైతే గడ్డి, సీజన్లో గుంటూరు యార్డుకి మిరప టిక్కీలు. ఊళ్లో అందరూ ఆయన్ని “డ్రైవరు” అనేవాళ్లు. మా పల్లెలో అది గౌరవమే. పలుపు పట్టుకున్న చెయ్యి స్టీరింగ్ పట్టింది కదా! కానీ ఆ బండి ఏనాడూ ఆయనది కాదు. దాని మీద ఆయనకున్న హక్కల్లా దాని కుదుపు భరించడమే.

ట్రాక్టరు సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మన పొలాల్లో తిరిగే మామూలు ట్రాక్టరుకి వెనక ఇరుసు దగ్గర స్ప్రింగులుండవు. ఇరుసు బండి ఒంటికే బిగించి ఉంటుంది. నేల కొట్టిన దెబ్బని ఆపేవి టైర్లలో గాలి, సీటు కింద ఉండే స్ప్రింగు, అంతే. మా నాయన తోలిన బండికి ఆ సీటు స్ప్రింగు విరిగిపోయింది. మార్పించమని అడిగితే, “గోతం మడిచి ఏసుకోరా, మెత్తగుంటది” అన్నాడంట ఆసామి. గోతాం మడిచేసుకునే పదేళ్లు తోలాడు.

ఇప్పుడు నాయనకి నడుములో రెండు డిస్కులు అరిగిపోయాయి. కుడి కాల్లోకి నరం లాగుద్ది. డాక్టరు గారు ఫిల్ము లైటుకి పెట్టి చూస్తూ, “ఏం పని చేసేవాళ్లు పెద్దాయనా?” అని అడిగారు. ట్రాక్టరు డ్రైవర్నని చెప్పగానే తలూపారు. ఆయన విప్పి చెప్పాకే నాకూ అర్థమైంది. కూర్చున్న మనిషి ఒంటిని కింద నుంచి పైకి సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది సార్లు ఊపే కుదుపు ఉంది చూడండి, అది మనకి అన్నిటికంటే చెడ్డది. ఆ లయకి వెన్నుపూస, పొట్టలో అవయవాలు తామే ఊగడం మొదలెడతాయి, దెబ్బ తగ్గకపోగా పెరుగుతుంది. గట్టి సీటు మీద గతుకు నేలలో దున్నేవాడికి రోజంతా ఆ మోతాదే.

వారానికి రెండు రోజులు నాయన్ని గుంటూరు ఫిజియోథెరపీకి తీసుకెళ్తాను. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు. హైవే మీద ఏ బాధా లేదు. ఊళ్లో సిమెంటు రోడ్డు కూడా బాగానే ఉంటుంది. ఊరి చివర తూము దాటాక మా మాదిగపల్లెకి కిలోమీటరున్నర. అది రోడ్డు కాదు. ఎప్పుడో పోసిన కంకర, దాని మధ్య గుంతలు, గుంతల్లో మురుగు.

నాది సెకండ్ హ్యాండులో కొన్న చిన్న కారు. రోజూ తిరగాల్సిందే. కాలేజీకి, మీటింగులకి, ఎక్కడైనా మనవాళ్ల మీద దాడి జరిగితే అక్కడికి. లక్ష కిలోమీటర్లు దాటేసరికి షాకబ్జార్లు ఆయిల్ కారడం మొదలెట్టాయి. తూము దగ్గరికి రాగానే మా నాయన ఏం చేసేవాడో తెలుసా? రెండు చేతులూ సీటుకి ఆనించి ఒళ్లు పైకి లేపి పట్టుకునేవాడు. పిర్ర సీటుకి ఆనకుండా, మోచేతుల మీద, పల్లె వచ్చేదాకా. ట్రాక్టరు మీద నేర్చుకున్న విద్య అది. నోరు తెరిచి నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. డెబ్భై ఏళ్ల మనిషి కొడుకు కార్లో కూర్చుని కూడా తన కుదుపు తానే మోసుకుంటున్నాడు. నేను పక్కనే కూర్చుని స్టీరింగు తిప్పుతున్నాను.

అప్పుడు పట్టుకున్నాను ఈ సస్పెన్షన్ సంగతి.

మిత్రులారా, కాస్త ఓపిక పట్టండి, ఇది తెలుసుకోవాల్సిన విషయమే. కారు బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది, మళ్లీ విచ్చుకుంటుంది, మళ్లీ నొక్కుకుంటుంది. దాన్నలా వదిలేస్తే కారు బంతిలాగా ఎగురుతూనే ఉంటుంది. ఆ ఊపుని చంపేది షాకబ్జారు. లోపల ఆయిలు, ఆయిల్లో పిస్టను, పిస్టనుకి సన్న రంధ్రాలు. ఆయిలు ఆ రంధ్రాల్లోంచి ఇరుక్కుంటూ పోయేటప్పుడు కుదుపు వేడిగా మారిపోతుంది. గతుకు రోడ్డు మీద పోయొచ్చాక షాకబ్జారు ముట్టుకుంటే వెచ్చగా ఉండేది అందుకే. ఆ వేడి మన నడుముకి పడాల్సిన దెబ్బ.

రంధ్రం సన్నగా ఉంటే షాకబ్జారు బిగువు. హైవే మీద, మలుపుల్లో కారు ఒరగదు, గట్టిగా నిలబడుతుంది. కానీ కంకర రోడ్డు మీద ప్రతి రాయీ ఒంట్లోకి వస్తుంది. రంధ్రం వెడల్పయితే మెత్తన. రాళ్లు తెలియవు గానీ, స్పీడు మీద కారు పడవలా ఊగుతుంది. కంపెనీ వాళ్లు ఈ రెండిటికీ మధ్యలో ఒకచోట బిగించి పంపిస్తారు. ఆ మధ్య అనేది ఎవరి రోడ్డు చూసి పెట్టారో గానీ, మా పల్లె రోడ్డు చూసి మాత్రం కాదు.

కాయిలోవర్ అంటే స్ప్రింగు, షాకబ్జారు ఒకే కడ్డీ మీద ఉండే సెట్టు. ఒంటి మీద మరలుంటాయి, ఎత్తు పెంచొచ్చు, తగ్గించొచ్చు. మంచి రకాల్లో లోపలి రంధ్రాన్ని కూడా పైనుంచి చిన్న మీట తిప్పి సన్నం, వెడల్పు చేసుకోవచ్చు. కానీ అలా తిప్పాలంటే ప్రతిసారీ తూము దగ్గర ఆపి, బోనెట్ ఎత్తి, డిక్కీ తెరిచి నాలుగు మూలలా తిప్పాలి. పక్కన నొప్పితో మనిషుంటే అది జరిగే పని కాదు. ఎలక్ట్రానిక్ రకంలో ఆ మీట మీద చిన్న మోటారు కూర్చుంటుంది. కార్లో అరచేతి పెట్టె ఉంటుంది. బొత్తాం నొక్కితే మోటారు మెట్టు మెట్టుగా తిరుగుతుంది. జపాన్‌కి చెందిన టెయిన్ లాంటి కంపెనీలు ఇలాంటివి ఏళ్లుగా అమ్ముతున్నాయి. నా దాంట్లో సున్నా అంటే పూర్తి బిగువు, పదహారు అంటే పూర్తి మెత్తన.

రెండేళ్లు కట్టిన చీటీ పాడాను. ఆ డబ్బే ఇది.

బిగించింది ఆటోనగర్‌లో ఒక భాయ్ షెడ్డులో. “పంతులూ, నువ్వు కుర్చీలో కూచో, సాయంత్రానికి అయిపోద్ది” అన్నాడాయన. నేను కూర్చోలేదు. చేతులు పైకి మడిచి పక్కన దిగాను. భాయ్ విసుక్కోకుండా ఒక్కొక్కటీ చూపించాడు.

చక్రం విప్పాక ముందు బ్రేకు పైపు, ఏబీఎస్ వైరు క్లిప్పుల్లోంచి తీసెయ్యాలి. లేకపోతే కింద వేలాడే బరువుకి తెగిపోతాయి. తర్వాత లింక్ రాడ్డు, తర్వాత కింద రెండు పెద్ద బోల్టులు, చివరికి పైన బోనెట్ లోపలి నట్లు. మధ్యలో ఒక పెద్ద నట్టు కనిపిస్తుంది. నా చెయ్యి దాని మీదకి పోతుంటే భాయ్ చప్పున పట్టుకున్నాడు. “అది ముట్టుకోమాక. దాని కింద స్ప్రింగు నొక్కి పెట్టుంది. బిగింపు లేకుండా ఊడదీస్తే తలకాయ లేచిపోద్ది.” స్ప్రింగుని ప్రత్యేకమైన క్లాంపులతో నొక్కి పట్టాకే ఆ నట్టు విప్పాలి. నొక్కి పెట్టిన దాన్ని తెలివిగా విప్పాలంట, లేకపోతే విప్పినోడి మీదే విరుచుకుపడుతుందంట. అది స్ప్రింగు గురించే చెప్పాడు. నేను ఇంకేదో అనుకున్నాను.

మనం కొనే చిన్న కార్లలో చాలావాటికి ముందువైపే స్ప్రింగు, షాకబ్జారు కలిసి ఉంటాయి. వెనక స్ప్రింగు వేరు, షాకబ్జారు వేరు. కాబట్టి పేరుకి నాలుగూ కాయిలోవర్లే గానీ వెనకవి రెండూ విడివిడిగానే కూర్చుంటాయి. ఇంకో సంగతి. రబ్బరు బుష్షులున్న బోల్టుల్ని చక్రాలు గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. కారు దించి, బరువు నేల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి తొందరగా చినిగిపోతుంది. మోటార్ల వైర్లు ఇంజను వేడికి దూరంగా లాగి, ఫ్యూజు పెట్టి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా కలిపారు. అన్ని మోటార్లనీ ఒకసారి పూర్తి బిగువుకి తిప్పి అక్కడ సున్నా పెట్టారు. ఆ సున్నా తప్పితే పెట్టె మీద కనిపించే నంబరు అబద్ధమే. చివరికి వీల్ అలైన్‌మెంట్.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. షెడ్డులో కుర్రాడు, “అన్నా, కొంచెం దించుదాం, లుక్కు అదిరిపోద్ది” అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. నాలుగు సెంటీమీటర్లు దించాం. నిజంగానే అందంగా ఉంది. మర్నాడు నాయన్ని ఎక్కించుకుని తూము దాటానో లేదో, దబ్బుమంది. దించిన కారుకి లోపల కదలడానికి చోటు తగ్గిపోతుంది, షాకబ్జారు అడుక్కంటా పోయి రబ్బరు బఫరుకి గుద్దుకుంటుంది. అప్పుడు ఏ నంబరు పెట్టినా ఒకటే. నాయన నోట్లోంచి మొదటిసారి “అమ్మా” అని వచ్చింది. నా లుక్కు కోసం ఆయన నడుము ఖర్చు పెట్టాను. ఆసామి గోతాం ఇచ్చాడు, నేను ఇది ఇచ్చాను, అంతే తేడా. ఆ సాయంత్రమే షెడ్డుకి పోయి కంపెనీ ఎత్తుకి లేపించాను. ఈ ఎలక్ట్రానిక్ పెట్టె ఎత్తు మార్చదు, స్ప్రింగుని మార్చదు, బిగువుని మాత్రమే మారుస్తుంది. కొనేముందు ఇది తెలుసుకోండి.

ఎత్తు సరిచేశాక పెట్టెని నాయన ముందు పెట్టాను. ఎలా నొక్కాలో ఒక్కసారి చూపించాను. స్పీడుని బట్టి, కుదుపుని బట్టి తనే నంబరు మార్చుకునే ఏర్పాటు కూడా దాంట్లో ఉంది. రెండు రోజులు చూసి నాయన దాన్ని ఆపేయమన్నాడు.

“అది గుంతలో పడ్డాక తెలుసుకుంటందిరా. నేను పడకముందే చూస్తా.”

నిజమే. ఖరీదైన కార్లలో కంపెనీయే పెట్టిచ్చే రకాలు రెప్పపాటులో మారతాయి. మాలాంటి మోటారు రకం అంత వేగంగా తిరగదు. ఇరవై ఆరేళ్లు నేలని చూస్తూ బండి తోలిన మనిషి కన్ను ముందు ఆ సెన్సారు ఎంత?

అలా మా నాయన తన నంబర్లు తనే కనిపెట్టుకున్నాడు. హైవే మీద నాలుగు. ఊళ్లో సిమెంటు రోడ్డు మీద ఆరు. తూము దాటాక పదకొండు. పదహారు పెట్టి చూశాడు, కారు ఉయ్యాలలా ఊగి కడుపులో తిప్పిందంట. “పదకొండే మన నంబరు” అని తేల్చేశాడు. పదకొండు పెట్టినా స్పీడు పదిహేను దాటితే నొప్పే. మందు ఏదైనా గుంతని పూడ్చదు కదా!

ఒకరోజు రాత్రి వస్తున్నాం. చీకటి. నాయన కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్రపోయాడనుకున్నాను. తూము దాటగానే కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి నొక్కుకుంటూ పోయాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. “ఊరైపోయింది, మనం వచ్చాం” అన్నాడు.

నాకు ఒళ్లు జలదరించింది. ఊరెక్కడ అయిపోతుందో, పల్లె ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి బోర్డు అక్కర్లేదు. ఆయన నడుముకి తెలుసు.

ఆ రోజు నుంచి కార్లో ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ ఊరికి పోయినా ఊరి రోడ్డు మీద నంబరు, పల్లె రోడ్డు మీద నంబరు రాస్తున్నాను. చాలా ఊళ్లల్లో ఒకే చోట నంబరు పెరుగుతుంది. గుడి దాటాకో, చెరువుకట్ట దాటాకో, తూము దాటాకో. అన్నిచోట్లా కాదు. కొన్ని పల్లెల్లో రోడ్డు ఊరి రోడ్డుకంటే బాగుంది. అడిగితే ప్రతిచోటా ఒక కథ ఉంది. ఎవరో ఆఫీసుల చుట్టూ చెప్పులు అరిగేలా తిరిగారు, ఎవరో రోడ్డు మీద బైఠాయించారు. ఊరికే ఎక్కడా పడలేదు.

ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్ చట్టం 2013లో వచ్చింది. మన జనాభా వాటా ప్రకారం మన కోసం నిధులు పక్కన పెట్టాలి, వాటిని మన కోసమే ఖర్చు చెయ్యాలి అనేది దాని సారం. దానికోసం ఎంతమంది ఎన్నేళ్లు కొట్లాడారో మీకు తెలుసు. మరి మా కిలోమీటరున్నర ఎందుకు అలాగే ఉంది? నోటుబుక్కు పేజీలు, ఫొటోలు, టేపుతో కొలిచిన గుంతల లోతులు కలిపి సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టాం. సమాచార హక్కు కింద లెక్కలు అడిగాం. అర్జీ తీసుకున్న ఆయన కాగితం తిప్పి చూసి, “ఈ నాలుగు, ఆరు, పదకొండు ఏంటండీ?” అన్నారు. నేను నోరు తెరిచేలోపే నాయన చెప్పాడు. “నా నడుము రాయించిన లెక్కయ్యా అది.”

ఇంకా రోడ్డు పడలేదు. పడ్డాక రాస్తాను.

బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ చదివినవాళ్లకి చాలీస్‌గావ్ సంగతి గుర్తుండే ఉంటుంది. 1929. అంటరానివాళ్ల మీద జరిగే అన్యాయాలు విచారించే కమిటీ సభ్యుడిగా ఆ ప్రాంతానికి వెళ్లిన మనిషిని టాంగాలో కూర్చోబెట్టి తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. ఆయన్ని నడిపించడం ఇష్టంలేక వాడవాళ్లు టాంగా అద్దెకి తీసుకుని, తమలో ఒకరితో తోలించారు. ఆ తోలినాయనకి అలవాటు లేదు. కల్వర్టు మీద చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. బాబాసాహెబ్ కిందపడి కాలు విరిగింది. మనకి బండి దొరకకుండా చేసిందీ, బండి తోలడం రాకుండా చేసిందీ కులమే. విరిగిన కాలు మాత్రం మనది. ఆ కథ చదివినప్పుడల్లా నాకు మా తూము గుర్తొస్తుంది. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బండి ఎక్కడం ఒక్కటే కాదు, దాని కిందకి దూరి ఏ బోల్టు ఏం చేస్తుందో కూడా తెలుసుకోండి.

చట్టం సంగతి ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. ఏదైనా మార్చేముందు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర అడిగి కాగితం మీద జవాబు తీసుకోండి. పాత సామాను పారెయ్యకండి. మనలాంటివాళ్లని ఆపడానికి ఎవరికీ పెద్ద సాకు అక్కర్లేదు, మనమే ఎదురిచ్చి పంపొద్దు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. మామూలు కంపెనీ షాకబ్జార్లు కొత్తవి వేయిస్తే ఇందులో చిన్న వంతు ఖర్చుతో బాధ చాలావరకు తగ్గేదే. భాయ్ కూడా ముందు అదే చెప్పాడు. కాబట్టి నేను చేసిందే సరైనదని వాదించను. మీలో ఎవరికైనా కారుండి డబ్బు తక్కువుంటే అదే చెయ్యండి. మిగిలిన డబ్బు ఎవరి ఫీజుకైనా పనికొచ్చేదన్న మాట కూడా నిజమే. ఆ బరువు నాతో ఉంటుంది, ఉండనీ. కానీ మీ ఫీజులు కట్టాల్సింది మా నాయన నడుము కాదు, ప్రభుత్వం. రీయింబర్స్‌మెంట్ మన హక్కు, దానికోసం మీతో కలిసి రోడ్డు మీద కూర్చుంటాను. అన్నం తిన్నా, మంచి చొక్కా వేసినా, మెత్తటి సీటు మీద కూర్చున్నా లెక్క చెప్పమని మనల్ని మనమే అడుక్కుంటాం. ఆ లెక్క మన ఆసాముల్ని ఎవరూ అడగలేదు. విరిగిన సీటు స్ప్రింగు ఖరీదెంతో, అది మార్చకపోవడం వల్ల ఎవరికేం పోయిందో ఇరవై ఆరేళ్లలో ఒక్కళ్లూ అడగలేదు.

నేను కొన్నది మెత్తదనం కూడా కాదేమో. నేల ఎంత గట్టిగా కొట్టాలో నిర్ణయించే మీట ఒకటి ఆయన చేతిలో పెట్టాలనిపించింది. ఆయన జీవితంలో ఆ మీట ఎప్పుడూ వేరేవాళ్ల చేతిలోనే ఉంది.

ఇప్పటికీ తూము రాగానే నాయన రెండు చేతులూ సీటు మీదకి పోతాయి. పాత అలవాటు. రెండు క్షణాలకి గుర్తొస్తుంది. ఒక చెయ్యి తీసి నంబరు నొక్కుతాడు. ఇంకో చెయ్యి సీటు మీదే ఉంటుంది. రోడ్డు పడేదాకా అది అక్కడే ఉంటుందనుకుంటా.

మీ ఊళ్లో పల్లె రోడ్డు ఎక్కడ మొదలవుతుందో ఈ వారం ఒకసారి నడిచి చూడండి. ఒక టేపు తీసుకెళ్లండి. కొలిచి రాయండి. మీ కొలతలన్నీ కలిపి తర్వాతి భాగంలో మాట్లాడుకుందాం.

జై భీమ్.